లోతు తక్కువ వల

అంతర్వేది పల్లిపాలెంలో, తాటాకు పందిరి కింద
ఓలేటి పోతురాజు ఒళ్ళో పెట్టాను
వల తెగిన లాక్రాస్ కర్రని.
"ఏటండీ టీచరుగారూ ఇది,
రొయ్యలు దేవే జల్లెడా?"
ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.
ఉప్పు వాసన లేదు. పిల్లల చెమట, అంతే.

నాకు తెలిసినంత చెప్పాను.
మంచుదేశపు అడవుల్లో ఒక జాతి మనుషులు
హికరీ అనే చెట్టుని నిలువునా చీల్చి
ఆవిరి పట్టి, కొసని కొక్కెంలా వంచి
నెలల తరబడి ఆరబెట్టేవారట.
లేడితోలు వార్లతో బుట్ట అల్లేవారట.
ఊళ్ళో ఎవరికైనా జబ్బు చేస్తే ఆడేవారట,
ఆట చూసి దేవుడు మనసు మార్చుకుంటాడని.
మనిషి పోతే పక్కనే కర్రనీ పడుకోబెట్టేవారట.
ఫాదర్లు వచ్చి, బిషప్పు చేతికర్రలా ఉందని
వాళ్ళ భాషలో పేరు పెట్టిపోయారు.
అసలు పేరు నాకు పలకడం రాదు.

వంచడం దగ్గరే ఆగిపోయాడాయన.
"మేమూ అంతేనండి. నావ పలకని సెగ మీద పెట్టి
తడిగుడ్డ వేస్తా, బరువు కట్టి వంచుతాం.
తొందరపడ్డావో, చెక్క అరుస్తాది."

మాది చెక్క కూడా కాదు.
అల్యూమినియం గొట్టం, ప్లాస్టిక్ తల.
ఆరు కర్రలు, పద్నాలుగు మంది ఆడపిల్లలు,
గోల్ పోస్టులకి సరుగుడు వాసాలు.

కండె తీశాడు. బద్ద ముట్టుకోలేదు,
బొటనవేలే కొలత.
బీడీ ఆరేలోగా అల్లేశాడు.
ఎనిమిదో తరగతి మెర్సీ బంతి వేసుకుని విసిరింది.
బంతి కదల్లేదు.
బురదలో పీతలా అడుగున కూర్చుంది.
"చూశారా, ఎలా పట్టిందో!" అన్నాడు పోతురాజు.
"పట్టాలి తాతా, పోవాలి కూడా.
బంతి నెత్తి అంచు పైకి కనపడాలి.
లేకపోతే రిఫరీ కర్ర లాగేసుకుంటాడు."

చాలాసేపు మాట్లాడలేదు.
అరవై ఏళ్ళుగా ఆ చేతులు
చేప తప్పించుకునే దారులు మూస్తూ వచ్చాయి.
ఇప్పుడొక దారి తెరవమంటోంది, చెవికి రింగుల్లేని పిల్ల.
ముడులు పంటితో విప్పాడు.
రెండోసారి మరీ బిగిసింది, మంచానికి నవారులా.
మూడోసారి నడుమ నాలుగు కళ్ళు వదులు చేసి
తనే లేచి, పంచె ఎగ్గట్టి, విసిరాడు.

ఐసు పెట్టెల మీంచి, ఎండు చేపల మీంచి
వశిష్టలో పడింది.
"పోయింది!" అని అరిచాడు.
వల అల్లేవాడు ఆ మాట
అంత సంతోషంగా అనడం నేనెప్పుడూ వినలేదు.
పడవలో ఉన్న కొడుకు తిట్టుకుంటూ
చేతివలతో దేవి ఒడ్డుకి విసిరాడు.

డబ్బులు తీసుకోలేదు.
మిగతా అయిదూ తెమ్మన్నాడు.
మేం గట్టు ఎక్కాక వెనక నుంచి పిలిచాడు:
"టీచరుగారూ, ఆ పోయినోడి పక్కన పెట్టే కర్రకి
వల కొత్తదా, పాతదాండి?"
తెలీదన్నాను.
"పాతదే అయ్యుంటాది," అన్నాడు,
కండెకి దారం చుట్టుకుంటూ.
"చెయ్యి మరిగిందే పెడతారు."