సిమెంటులో అచ్చు

తిరుపతి లీలామహల్ కాడ టైర్ల షాపు పిల్లోడు
బండి ఫోటో చూసి ఈల వేసినాడు.
"వెడల్పువి ఎక్కిద్దాం సార్, అల్లాయ్ వీల్సు కూడా.
పులి మాదిరి నిలబడతాది."

చిత్తూరు డిపోలో ముప్పై ఒక్క ఏండ్లు
బస్సుల కాళ్లు చూసినోణ్ణి నేను.
ఏది మొగిలి ఘాట్‌లో ఎడమకు అరిగిందో,
ఏ డ్రైవరు బ్రేకు మీదనే బతికినాడో
రబ్బరు తడిమితే చెప్తా.
పిల్లోడికి మాత్రం ఏమీ చెప్పలేదు.
పంచె కట్టిన ముసలాయనకు
జిమ్ము బూట్లు తొడుగుతామంటే
ఏమని చెప్పేది?

బండి గ్రీమ్స్‌పేట జ్ఞానాధికం డాక్టరుది.
సీమలో పుట్టి ఓడలో మద్రాసుకు దిగిన ఎర్రబండి,
రెండే సీట్లు, తీగెల చక్రాలు,
మోచెయ్యి ఆనించేంత తలుపులు.
ఆయన పోయినాక పన్నెండేండ్లు
మామిడి తాండ్ర చాపల కింద పడుకునింది.
"నువ్వైతే తుక్కుకు వెయ్యవు" అని
కూతురు ఎస్తేరమ్మ తాళం చేతిలో పెట్టింది.
ధర అడిగితే
"హారను ఇంకా మోగుతాదా?" అనింది.

అప్పటికి దాని కాళ్లకు జీపు ట్రెయిలరు టైర్లు,
ఎవరో అవసరానికి తొడిగినవి.
అసలువి ఏవో తెలిసే దారి లేదు.
ఉన్న ఒక్క ఫోటోలో
చక్రాలకు అడ్డంగా పిల్లకాయలు నిలబడినారు.

మద్రాసులో ఒకాయన
డెబ్బై ఒకటో సంవత్సరం సరుకు ఉందన్నాడు,
చుట్టిన కాగితం కూడా విప్పలేదంట.
పోయి చూస్తిని. నిగనిగా నలుపు.
బొటనవేలితో పక్కగోడ వంచితే
ఎండిన మడి మాదిరి పగుళ్లు నోరు తెరిచినాయి.
తిరగని టైరుకూ వయసు వస్తాది.
అచ్చు పాతదిగా ఉండాల, రబ్బరు కొత్తదిగా ఉండాల.
తిరుగు రైల్లో కాట్పాడి దాటేదాకా
ఈ ఒక్క మాటే నములుతా వచ్చినా.

వల్కనైజింగ్ దిలావర్ అన్నాడు,
"రేడియల్ వెయ్యి మామా, రోడ్డును పట్టుకుంటాది."
"పట్టుకుంటాది, అందుకే వద్దు.
ఈ చట్రం, ఈ పుల్లలు
కొంచెం జారే టైర్లను నమ్మి కట్టినవి.
టైరు వదలకుంటే
మలుపు విసురంతా పుల్లల మీద పడతాది."
వాడు ట్యూబు నీళ్లలో ముంచి
బుడగల కోసం చూస్తా కూర్చున్నాడు.

ఎస్తేరమ్మ షెడ్డు ఖాళీ చేస్తుంటే సాయం పోతిని.
చీపురు ఒక చోట గరగరమనింది.
సిమెంటు ఆరకముందే ఎవరో బండి ఎక్కించినారు.
"మేస్త్రి చేత నాయన తిట్లు తిన్నాడు ఆ రోజు."
మూరెడు జాడ.
నడుమ మూడు గట్లు, అంచుల్లో కోడికాలి గుర్తులు,
వెడల్పు నా నాలుగేళ్లు, మీద బొటనవేలు సగం.
మోకాళ్ల మీద కూర్చుని కాగితం పరిచి
పెన్సిలు పడుకోబెట్టి రుద్దినా.
బూడిదరంగులో
అరవై ఏండ్ల కిందటి ఒక మధ్యాహ్నం పైకి తేలింది.

క్రాస్ ప్లై. ఐదున్నర, పదిహేను.
పాత అచ్చులో కొత్త రబ్బరు పోసేవాళ్లు
సీమలో ఇంకా ఉండారు.
నాలుగూ ఒక స్టెప్నీ, నా మూడు నెలల పెన్షను.
మా కామాక్షమ్మ ఆ కాగితం వెలుగుకు పట్టి చూసి
"ఎండిపోయిన అడుగుకు
చెప్పులు కుట్టిస్తా ఉండావా" అనింది.
పైసల మాట ఎత్తలేదు.

ఎక్కించినాక పలమనేరు రోడ్డులో తోలినా.
సన్న టైర్లు, ప్రతి గాడిలోకీ తల దూరుస్తాయి,
సంతలో చెయ్యి విడిపించుకునే పిల్లోడి మాదిరి.
బంగారుపాళెం కాడ చెరుకు ట్రాక్టరు కూడా
నన్ను దాటుకుని పోయింది.

ఒక సంగతి డిపోలో నేర్చుకున్నదే, మరిచిపోయి ఉంటిని.
రాత్రంతా నిలబడితే ఈ టైర్లు కింద చదునవుతాయి.
పొద్దున వేడెక్కి గుండ్రమయ్యేదాకా
దడ్ దడ్ దడ్ మంటాయి.
అట్ల కొట్టుకుంటానే గ్రీమ్స్‌పేట మలుపు తిరిగినా.
ఎస్తేరమ్మ పళ్లపొడి చేత్తోనే గేటు కాడికి వచ్చింది.
బండిని చూడలేదు, కండ్లు మూసుకునింది.
"నాయన డ్యూటీకి పోయేటప్పుడు
ఇట్లనే దగ్గేది" అనింది.

నేను హారను నొక్కినా.
మోగలేదు.