పరీక్ష, పట్టించుకోకండి

బతూమీలో వాన మొదలైతే
గొడుగు ఆరే తీరిక ఉండదు.
రేవుకి ఎదురుగా, రెండో అంతస్తులో
నావికుల్ని ఓడలకెక్కించే మా ఆఫీసు.
కిటికీ సందులో పాత సరుకుల జాబితా మడిచి కుక్కాం,
అయినా నా బల్ల ఓ మూల తడుస్తూనే ఉంటుంది.

ఎవరో కొత్త దారి అమ్మజూపారు జుంబేర్ గారికి,
విదేశీ ఫోన్లకి సందేశం మూడో వంతు ధరకే అని.
"ఎతేరీ, వారం రోజులు పంపి చూడు.
అందితేనే సంతకం పెడతాను."

పంపి చూస్తున్నాను.
ఇజ్మీర్‌లో నూర్జాన్‌కి, ఇలోఇలోలో మారివిక్‌కి,
డర్బన్‌లో చేపల కొట్టు పైన కాపురముండే ఓ మెకానిక్‌కి.
పరీక్ష ఒకటి, పట్టించుకోకండి.
పరీక్ష రెండు, పట్టించుకోకండి.
మధ్యాహ్నానికి నా పేరే అదైపోయింది.

మా లిపికి ఫోన్ల లోకంలో చోటు తక్కువ.
ఇంగ్లీషుకి నూట అరవై గదులిస్తే
మాకు డెబ్బై. అద్దె మాత్రం ఒకటే.
తా దూర కంత లేదు, మెడకో డోలన్నట్టు
మా పాత ఉత్తరాల్లో "పరమ గౌరవనీయులైన" ఒక్కటే
ఇరవై గదులు ఆక్రమించేది.
గౌరవాన్ని కొట్టేశాను.
సాయంత్రం, కాస్త బాధపడుతూ, "దయచేసి"ని.
ఓడ, రేవు, తేదీ మిగిలాయి, ఓ చిన్న హెచ్చరికా.

అయినా రెండు ముక్కలైంది.
తోక ముందొచ్చింది, తల ఇంకా రాలేదు
అని మారివిక్ ఫోటో తీసి పంపింది:
"ఆలస్యమైతే ఓడ ఆగదు" అని మాత్రమే ఉంది తెర మీద.
ఏ ఓడో, ఏ రేవో.
వాళ్ళాయన అప్పటికే పెట్టె సర్దడం మొదలెట్టాడట.

నూర్జాన్‌కి అన్నీ అందాయి,
అక్షరాల బదులు ఖాళీ డబ్బాలుగా.
మా పేరుండాల్సిన చోట ఎవరిదో అంకె.

డర్బన్ మాత్రం ముచ్చటేసింది.
పంపిన రెండు సెకండ్లకి పచ్చ గుర్తు, "అందింది".
ఇరవైకి ఇరవై.
మెచ్చుకుందామని ఫోన్ చేస్తే
"ఏం అందింది? పొద్దుట్నుంచీ ఫోన్ నా చేతిలోనే ఉంది,
కుయ్యిమనలేదు" అన్నాడు.

కాసేపు ఆ పచ్చ గుర్తుల్నే చూశాను.
అబద్ధమాడేవాడు కాస్త నీళ్ళు నములుతాడు కదా,
దీనికి ఆ పాటి మొహమాటం కూడా లేదు.

మా అమ్మ ఈ ఊరి తంతి ఆఫీసులో పనిచేసేది.
కరెంటు లేని ఆ ఏళ్ళలో
కొవ్వొత్తి పట్టుకుని మెట్లెక్కి తలుపు తట్టి
"మీ తంతి వెళ్ళలేదు" అని చెప్పి, డబ్బు తిరిగిచ్చి
సంతకం పెట్టించుకునేది.
తిట్లు తిని వచ్చేది.
ఆమెకి ఈ పచ్చ రంగు చూపించాలని ఉంది.

ఇక పరీక్ష పదిహేడు.
పొరపాటున అది పాత జాబితాలోకి, పాత దారిలో వెళ్ళింది,
నడిసముద్రంలో ఉన్న ఎవరికో.
మూడు రోజులుగా దాని పక్కన ఒకే మాట, "వేచి ఉంది".
వదిలేశాను.
నిన్న రాత్రి జవాబొచ్చింది:

"పదిహేడు అందింది. ముక్కలు కాలేదు, డబ్బాల్లేవు.
లాస్ పాల్మాస్ దగ్గర ఇప్పుడే సిగ్నల్.
పట్టించుకోవద్దన్నారు, కానీ మన అక్షరాలు చూసి నెలైంది.
అక్కడ వానేనా?
ఉషంగి, రెండో ఇంజనీరు."

పొద్దున్న జుంబేర్ గారికి నివేదిక ఇచ్చాను.
రెండుసార్లు చదివి, కలం మూత పెట్టి
ఖర్చు గురించి ఏదో గొణుక్కుంటూ టీ కోసం వెళ్ళారు.

నేను జవాబు రాశాను.
వాన.
మా లిపిలో ఐదు అక్షరాలు.
తక్కిన అరవై ఐదు గదులూ ఖాళీగానే పంపి
ఖర్చుని పరీక్షల పద్దులో రాశాను,
నలభై రెండో నంబరు కింద.