ఏడో ఎక్కం

టీచరమ్మ పోయిన సంగతి రేడియో చెప్పింది,
గాలివాన హెచ్చరికకీ గొర్రెల ధరలకీ మధ్య.
"ఎదెల్మీరా బారియా, ఎనభై మూడేళ్ళు.
సముద్రం ఒప్పుకుంటే గురువారం సమాధి చేస్తారు."
మా చిలోయే దీవుల్లో అన్నిటికీ ఈ షరతు ఉంటుంది,
పెళ్ళికీ, పురుటికీ, బంగాళాదుంపల బేరానికీ:
సముద్రం ఒప్పుకుంటే.

ఆవిడకి సముద్రమంటే భయం.
ఎవరికీ చెప్పలేదు, అందరికీ తెలుసు.
సోమవారం పొద్దున పడవ దిగేసరికి
పెదాలు పాలిపోయి,
అరచేతుల్లో పడవ అంచు అచ్చుపడి ఉండేది.
తెడ్డు వేసే ఒనోఫ్రే ముసలాడు నవ్వేవాడు:
"ప్రార్థన కాదర్రా, ఎక్కం చదువుతోంది!"
ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు.
అల పెద్దదైతే గొంతూ పెద్దది చేసేదట.
ఏడే ఎందుకని అడిగాను ఒకసారి.
"రెండూ ఐదూ భయానికి చాలవురా,
నిద్రలో కూడా వచ్చేస్తాయి.
ఏడైతే కాస్త ఆలోచించాలి."

బడికి వచ్చే ప్రతివాడూ ఒక కట్టె తేవాలి,
పుస్తకం మరిచినా సరే, కట్టె మరవకూడదు.
పొయ్యి పక్కన నిలబడి
పుచ్చకాయని తట్టినట్టు వేలితో తట్టి చూసేది.
"ఇది పచ్చిది, క్లోరిందా. మీ నాన్నతో చెప్పు,
మనం పొగ చదువుకోవడానికి రావట్లేదని."
కట్టెల లెక్కకి నీలం అట్ట పుస్తకం ఒకటి.

నేను మూడో తరగతిలో ఉండగా
మా నాన్న పడవ తిరిగి రాలేదు.
జూన్, జులై, ఆగస్టు, మాకవి చలి నెలలు,
ఇంట్లో పొయ్యికే కట్టెల్లేవు.
చేతులు జేబుల్లో దోపుకుని వెళ్ళేవాణ్ణి.
ఆవిడ నా జేబుల వైపు చూసేది కాదు.

శవజాగారం రాత్రి
ఆవిడ వాకిట్లో కట్టెల గుట్ట.
ఎవరూ ఎవరికీ చెప్పలేదు.
సాల్మన్ ఫ్యాక్టరీలో చేపలు కోసే ఆడవాళ్ళు,
బ్యాంకు మేనేజరు, జైలు నుంచి మొన్ననే వచ్చిన ఫిదేల్,
అరవై దగ్గర పడ్డవాళ్ళు, చంకలో ఒక్కో కట్టెతో
గుమ్మం దగ్గర తచ్చాడుతూ.
కొన్ని పచ్చివే. క్లోరిందా తెచ్చింది మరీనూ.

చెల్లెలు నీలం అట్ట పుస్తకం తెచ్చి ఇచ్చింది.
వెతుక్కున్నాను. రెమిహియో, నా పేరు.
జూన్ మొత్తం, జులై మొత్తం
గడిగడికీ ఒక గీత. ఒక్క ఖాళీ లేదు.
ఆ ఏడు ఆవిడ గదిలో పొయ్యి వెలిగేది కాదనీ
దగ్గుతూ పాఠం చెప్పేదనీ
అక్కడే ఎవరో అన్నారు.
దగ్గు నాకు గుర్తు లేదు.
బడి వెచ్చగా ఉండేదని మాత్రం గుర్తు.

గురువారం సముద్రం ఒప్పుకోలేదు.
శుక్రవారం సగం ఒప్పుకుంది.
మా దీవిలోనే పూడ్చమని రాసిపెట్టిందావిడ,
అంత భయమున్న మనిషి,
ఇంకో సోమవారం మాకు బాకీ ఉన్నట్టు.

పెట్టెని పడవ మధ్యలో తాళ్ళతో కట్టాం.
నడి నీళ్ళలో గాలి మళ్ళింది.
పెట్టె జరిగింది.
అందరం ఒక్కసారే దాని మీద చేతులు వేశాం.
ఎవరు మొదలెట్టారో తెలీదు, నేను మాత్రం కాదు.
ఏడొకట్ల ఏడు.
ఏడు రెళ్ళు, ఏడు మూళ్ళు,
అల కింద నుంచి ఎత్తి కుదేస్తుంటే
ఏడారులు నలభై రెండు,
ఏడేళ్ళు నలభై తొమ్మిది,
ఏడెనిమిదుల దగ్గర
ఎప్పట్లాగే ఆగిపోయాం.
యాభై నాలుగని ఒకడు, యాభై ఎనిమిదని ఫిదేలు.
బ్యాంకు మేనేజరు సముద్రం వైపు చూస్తున్నాడు.
నేను పెట్టె వైపు చూశాను, ఊరికే.

చుక్కాని దగ్గర ఒనోఫ్రే మునిమనవడు,
పన్నెండేళ్ళుంటాయి, వానకి కళ్ళు చికిలించి,
విసుగ్గా అన్నాడు:
"యాభై ఆరు.
ఆ తర్వాతది చెప్పండి."