ఏట్లో నిలబడ్డ మంద

పొదిలి పొగాకు వేలం షెడ్డులో జానపద సంబరం.
బేళ్లు లేని కాలం. అయినా గోడలు ఆకు ఘాటు వదల్లేదు.
కందుకూరు నించొచ్చిన కోలాటం పిల్లలు
వరసగా తుమ్మి, వరస తప్పకుండా కోలలు కలిపారు.

నేను మైకు మనిషిని. కాశింసాహెబ్ సౌండ్స్.
పేరు మా నాయనది, వైర్ల చిక్కులు నావి.
పెళ్లికీ ఉరుసుకీ ఓట్లకీ ఒకటే పెట్టె.
నా చేతికిచ్చిన కాయితంలో రెండే ముక్కలు:
జట్టుకి పన్నెండు నిమిషాలు.
గంట కొట్టిన వెంటనే మైకు ఆపవలెను.

చెక్కభజనకి పన్నెండు సరిపోయింది.
డప్పులకి మైకే అక్కర్లేదు, పైరేకులు వణికి
పావురాళ్లు దర్శి రోడ్డు పట్టినాయి.
తోలుబొమ్మల వాళ్లకి తెర కట్టేందుకే తొమ్మిది పోయినాయి.
మిగతా మూడింట్లో
రాక్షసుడు వచ్చి, నవ్వి, చచ్చిపోయాడు.

అప్పుడొచ్చాడు కొమ్ము మాలకొండయ్య.
పాత దుప్పట్లో చుట్టిన కొమ్ము,
వెనకాల వీరణంతో మేనల్లుడు.
పొద్దున్నే అడిగాను, "ఎన్ని రాత్రుల కథ పెద్దాయనా?"
"ఏడు. వాన పడితే తొమ్మిది."
"పన్నెండు నిమిషాలిచ్చారు."
వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు.
"అయితే ఆవుల్ని ఏటిదాకా తోలొచ్చులే."

తోలాడు.
కొమ్ము ఊదితే నా పెట్టె మీద ముల్లు
ఎర్రగీత దాటి అక్కడే కూలబడింది.
మూడేళ్ల కరువు. నాకీ నాకీ నునుపెక్కిన రాతితొట్టి.
ముందు బొల్లావు, దాని వెనక నూటొక్క ఆవులు.
ఊరికే మంద అనలేదు, ఒక్కోదాన్నీ పిలిచాడు:
చుక్కలావు, డొంకకొమ్ములావు,
ఈనినాక అరుపు మానేసినావు,
దూడ పోయినావు,
దూడ పోయిందని ఇంకా తెలియనావు.
అవతల పచ్చిక. పచ్చిక మీద పన్ను. పన్ను వెనక కత్తి.
నడుమ మన్నేరు, మనిషి రొమ్ముల లోతు.
బొల్లావు నీళ్లలో కాలు పెట్టింది.

గంట.

వేదిక మీంచి సారు నా వంక చూశాడు.
మీట మీద నా వేలుంది. ఒట్టు, నేను ఆపలేదు.
పెద్దాయనే ఆగి తలపాగా సర్దుకున్నాడు.
"మంద ఏట్లో ఉంది. అందరికీ దండాలు."
శాలువా కప్పారు. పత్రంలో మాలకొండారెడ్డి అని పడింది.
"ఆ రెడ్డిగారు కనపడితే ఇస్తాలే" అని
నాలుగు మడతలేసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత బుర్రకథ ఎవరి చెవికీ ఎక్కలేదు.
శనక్కాయలొలిచే ముసలామె గింజ నోట్లో వేసుకోకుండా
పక్కామెని గిల్లింది, "వాటికి ఈతొచ్చా?"
సోడాబండి కాడ అదే మాట.
గేటు మూస్తా వాచ్‌మన్ నన్ను నిలేశాడు,
"మైకోడివి నీకు తెలీదా? గట్టెక్కినాయా లేదా?"

బాక్సులు తమ్ముడి ఆటోకెత్తి
నేను కనిగిరి ఆఖరి బస్సెక్కాను.
కనిగిరిలో నాకెవరూ లేరు.
ఆ సంగతి కండక్టరుకి చెప్పలేదు.
కిటికీ పక్కన పెద్దాయన, ఒళ్లో నిద్రపోయే బిడ్డలా కొమ్ము.
అడక్కముందే మొదలెట్టాడు,
మైకు లేదు, వీరణం లేదు, మేనల్లుడు గురకపెడతన్నాడు.
వాలిన గొంతు. వంతకి ఇంజను.
చిల్లర ఇవ్వాల్సిన కండక్టరు చిల్లర పట్టుకునే నిలబడ్డాడు.

డిపో దీపాలు కనపడేసరికి
బొల్లావు అవతలి గట్టెక్కి వెనక్కి తిరిగి చూస్తోంది.
"ఎన్నొచ్చినాయి?"
"నలభై."
"తక్కినవో?"
"మా ఊరు రా అబ్బయా. ఇంకా ఆరు రాత్రులుంది."

తిరుగు బస్సు తెల్లారి అయిదింటికి.
సిమెంటు బెంచీ మీద పడుకుని పేర్లు చెప్పుకున్నాను.
పద్నాలుగు దాకా వచ్చి ఆగిపోయినాయి.
దూడ పోయిందని తెలియని ఆ ఆవు
నలభైలో ఉందో లేదో
అడగడం మరిచాను.