కరెంటు పోయిన అరగంట

కాశీబుగ్గలో జీడిపప్పు బట్టీ.
ఫ్యాన్లు ఆగాక మా మాటలు మాకే గట్టిగా వినబడ్డాయి.
సూపర్‌వైజరు జనరేటర్ని తిట్టుకుంటూ బయటకెళ్లాడు.
రౌతు దమయంతి తన పళ్లెంలో పప్పు తీసి
బల్ల మీద పేర్చడం మొదలెట్టింది,
పైనించి కిందికి, కొంచెం వంకరగా.

"ఏటే అది?"
"నానున్న జాగా."

పదకొండేళ్లు అండమాన్లో ఉండి వచ్చింది.
విశాఖపట్నంలో ఓడెక్కితే మూడు రాత్రులు నీళ్లేనంట,
ఆ తర్వాత ఒక్కసారే అడవి,
కొండ దిగి తిన్నగా సముద్రంలోకి కాళ్లు చాపుకుని.

"పైనున్న ఈ గుండు డిగ్లీపూరు.
బెంగాలోళ్లు వరేస్తారు. అచ్చం మన వంశధార ఒడ్డే,
మాటే తెలీదు.
ఈ బద్ద మాయాబందరు. దాని కింద రంగత్తు.
అన్నిటికీ ఒకటే రోడ్డు.
ఆ రోడ్డుకి తారు మోసిన చేతులివి."
చూపించింది. జీడి కొట్టి కొట్టి నల్లబడ్డ వేళ్లు.
అందులో తారు ఎంతో, జీడి ఎంతో
మాకు తెలీలేదు.

పేరు పెట్టేవాళ్లు లేని ఊళ్లకి కిలోమీటరు రాళ్లే పేర్లంట.
"ఏ ఊరే మీది?" అంటే "పద్దెనిమిది" అనేవారంట.
ఎనిమిది నెలలు వాన.
ఎండేసిన చేప ఎండేలోగా మళ్లీ ఈదడానికి సిద్ధం.
పోర్టుబ్లెయిర్లో ఒక సందు నిండా మనోళ్లే,
బారువ, కవిటి, సోంపేట.
"ఇక్కడ మొహాలు చూసుకోనోళ్లు
అక్కడ వియ్యాలందుకున్నారు."

మధ్యలో, పడమటేపు, అరచెయ్యంత జాగా వదిలేసింది.
"ఇక్కడేటీ పెట్టవేటి?" అంది పుణ్యవతి.
"అడివి. మనుషులున్నారు.
బస్సు ఆపకూడదు, ఏటీ ఇవ్వకూడదు.
ఆళ్లు మనల్ని రమ్మన్లేదు కదా.
ఖాళీగా ఉండనీ."
మేమంతా ఆ ఖాళీ వైపు చూశాం,
పప్పు పెట్టిన చోట్లకంటే ఎక్కువసేపు.

బాగా కిందికి, విడిగా, ఒక చిన్న ముక్క.
"ఇది హట్ బే. ఆఖర్న ఇక్కడే ఉన్నాం.
మొన్న తిత్లీకి జీడితోటలన్నీ పడుకున్నాయి,
అయినా గాలి ముందే కూసింది కదేటి.
అది కూయలేదు.
ఆదివారం పొద్దున్న. అట్లు పోస్తన్నాను."

అంతే. అట్లు ఎవరికోసమో చెప్పలేదు.
ఆ ముక్క తీసి నోట్లో వేసుకుంది.
తింటే కూలి కోసేస్తారని గోడ మీద రాసుంది.
నెమ్మదిగా నమిలింది.

ఫ్యాన్లు తిరిగాయి.
దీవులన్నీ ఒక్క చేత్తో పళ్లెంలోకి ఊడ్చేసింది.
సూపర్‌వైజరు తూకమేశాడు, అంకె చూశాడు,
"సరిపోయింది" అని పుస్తకంలో రాసుకున్నాడు.
ఒక ముక్క పోతే చూపించే కాటా కాదది.

"బేగి ఒలవండే," అంది దమయంతి, "మళ్లీ పోతాది."