కిటికీ ఎత్తు

లూసాకాలో అక్టోబరు.
జకరండా పూలు రాలి రాలి
మంత్రిత్వశాఖ మెట్లు ఊదారంగుగా జారుతున్నాయి.
రికార్డు గది తాళాలు రేపు అప్పగించాలి.
ముప్ఫై ఆరేళ్ళు. నా పేరు నముకోలో,
ఈ భవనంలో అది ఎవరికీ గుర్తుండదు,
"ఫైళ్ళమ్మా" అంటే మాత్రం అందరికీ నేనే.

మొదట వచ్చినాయన నార్వే మనిషి.
వెలిగించని పైపు పళ్ళ మధ్య కరిచిపట్టి
గోడమీద పటం గీశాడు: ఒక శాఖ మూడు కావాలి.
అయింది. మూడు గుమ్మాలు, మూడు రసీదు పుస్తకాలు,
ఒకే వితంతువు మూడుచోట్ల ఏడ్చింది.

పదేళ్ళకి టైలు కట్టుకుని ఇద్దరొచ్చారు.
మూడూ ఒకటి కావాలన్నారు, జనం ఎక్కువయ్యారన్నారు.
ఆ శుక్రవారం మా గదిలో ఐదు కుర్చీలు ఖాళీ.
చిలేషె టీ కప్పు కిటికీలోనే ఉండిపోయింది
అంచున లిప్‌స్టిక్ మరకతో.
చాలాకాలం నేను కడగలేదు.

క్వాచా నోటులో మూడు సున్నాలు ఎగిరిపోయిన ఏడాది
ఒక కుర్రాడు, బూటు అడుగున ధర చీటీ ఇంకా ఊడలేదు,
"ఇంతకుముందు ఎవరైనా ఏమైనా రాశారా?" అన్నాడు.
ఆ మాట అడిగిన మొదటివాడు. అందుకే నచ్చాడు.
మూడో అర చూపించాను. దుమ్ముకి తుమ్మి తుమ్మి
సాయంత్రానికి పాలిపోయాడు.
"నేను రాయబోయేది ఇందులోనే ఉందమ్మా, నలభయ్యో పుటలో."
"ఉంటుంది నాయనా, అందరిదీ అక్కడే."
అయినా రాశాడు. జీతం రావాలిగా.

ఎక్కడి గొంగళి అక్కడే అనకండి.
నేనూ అన్నాను, న్షిమా ముద్ద ఒత్తుకుంటూ, భోజనాల వేళ.
కానీ జీతాల పట్టీలోంచి చచ్చినవాళ్ళ పేర్లు పోయాయి.
పింఛను కాగితానికి పదకొండు సంతకాలుండేవి,
ఇప్పుడు నాలుగు.
ఏది ఎవరివల్ల రాలిందో చెప్పలేను.
కొత్త చెప్పు ఏ అడుగుతో మెత్తబడిందో
కాలికి మాత్రం తెలుసా?

ఒకావిడ, మొజాంబిక్ నుంచి, ఒదెత్ తివానె.
మూడు రోజులు మంత్రిని కలవనేలేదు.
కింద బల్లమీద, మోంగూ నుంచి రాత్రి బస్సులో వచ్చిన
పింఛనుదార్ల మధ్య ఏదో అల్లుకుంటూ కూచుంది.
నాలుగోరోజు వడ్రంగిని పిలిపించింది.
కౌంటరు చెక్కా కిటికీ జానెడు కిందికి దిగాయి.
ముసలివాళ్ళు మునివేళ్ళ మీద నిలబడడం మానేశారు.
అంతవరకూ గుమాస్తాకి కాగితం పట్టుకున్న వేళ్ళే కనబడేవి.
ఆరోజు మొహాలు చూసి తడబడ్డాడు.

ఆవిడ నివేదికలో ఆ ఊసు లేదు. వెతికాను.
వ్యూహం, దశలు, సూచికలు, నలభయ్యో పుట, మామూలే.
వడ్రంగి బిల్లు మాత్రం వెనక అట్టలో దొరికింది:
రెండు వందల అరవై క్వాచాలు.
మంజూరు సంతకం లేదు. తన సంచిలోంచే ఇచ్చినట్టుంది.

వచ్చే వారం కొత్త బృందమట.
కాగితమే ఉండదట ఇక. మంచిదే.
తాళాలతోపాటు ఆ బిల్లూ ఇచ్చేద్దామనుకుని
మళ్ళీ మడిచి చితెంగె ముడిలో దోపుకున్నాను.

అడిగితే ఇస్తాను.