పాత ధర కనపడేలా

ఢిల్లీలో ఎవరో ఒక అంకె కొట్టేసి
పక్కన చిన్న అంకె వేశారు.
వారం తిరక్కుండా అది
మాధవరం గోడౌన్‌కి దిగింది,
స్టిక్కర్ల చుట్టలై, అట్టపెట్టెల్లో.

"కొత్త ధర అంటించండి.
కింద పాతది మాత్రం కనపడాలి."
సూపర్‌వైజర్ జయవేలు మాట.
ఎందుకట? అంది కన్నియమ్మ.
"తగ్గిందని తెలియొద్దా జనానికి?"
"పెరిగినప్పుడు ఎవరూ చూపించమన్లేదే"
అందామె,
జిగురంటని చిటికెన వేలితో ముక్కు గోక్కుంటూ.

పెట్టెకు రెండు రూపాయలు.
షాంపూ, సబ్బు, నెయ్యి, బిస్కెట్టు.
ట్యూబ్‌లైట్ కింద పదకొండు మంది ఆడవాళ్ళం
తెల్లారేదాకా
దేశం ధరలు సవరించాం.
బిస్కెట్ ప్యాకెట్ చేత్తో తూచి
కన్నియమ్మ చెప్పేది:
"ఇది మనం అంటించక ముందే తగ్గిందే,
ధర కాదు, లోపలిది."

నాలుగో రాత్రికి నా బొటనవేలు నున్నబడింది.
రేషన్ షాపు మిషన్ మీద పెడితే
ఎర్ర లైటు.
తుడిచి పెట్టండి, అన్నాడు.
తుడిచి పెట్టాను.
నొక్కి పెట్టండి, అన్నాడు.
వెనక క్యూలో ఎవరో ఉస్సురన్నారు.
సర్కారు తగ్గించిన ధరలంటించి అరిగిన వేలిని
సర్కారు మిషనే
నువ్వు నువ్వు కాదు పొమ్మంది.

పద్దెనిమిది రాత్రులకు
నాలుగు వేల మూడొందల ఇరవై.
దాచుకుందామనే బయల్దేరాను.
వాషర్‌మన్‌పేటలో బస్సు దిగితే
పాత్రల కొట్టు ముందు ఖాదర్ భాయ్
ఈగలు కూడా తోలుకోకుండా కూర్చున్నాడు.
"మూడ్రోజులుగా బోణీ లేదమ్మా,
అందరూ ఇంకా తగ్గుతుందని ఆగారు."
ఐదు లీటర్ల కుక్కర్.
బేరమాడాను, సిగ్గుపడుతూనే.
నోట్లు కళ్ళకద్దుకుని
అందులో ఒకటి అప్పటికప్పుడే
టీ కొట్టు బాకీకి పంపించాడు.
టీ కొట్టాయన దాన్ని
పాల సైకిలు అబ్బాయి జేబులో దోపాడు.
సైకిలు సందు తిరిగింది.
ఆ తర్వాత ఎటు పోయిందో నాకు కనపడలేదు.

ఆ రాత్రి టీవీలో కోటేసుకున్నాయన,
వినియోగం పుంజుకుంటోందండీ, అన్నాడు.
ఎవరబ్బా ఈ వినియోగం అని
వెనక్కి తిరిగి చూశాను.
పొయ్యి మీద
నా కుక్కర్ రెండో విజిల్ వేస్తోంది.

తర్వాతి నెల
ఫ్యాక్టరీలోనే కొత్త ధర అచ్చేసి పంపారు.
తుడిచినట్టున్న ప్యాకెట్లు.
కింద ఏమీ లేదు చూపించడానికి.
జయవేలు చేతులు రెండూ చాపి,
అవసరమైతే ఫోన్ చేస్తానక్కా, అన్నాడు.
మంచివాడే. నంబరు మాత్రం అడగలేదు.

గోడౌన్ గేటు దగ్గర
పూలబుట్టతో కూర్చునే సెల్వి
రోజూ పదకొండు మూరలు కోసిచ్చేది మాకు.
ఇప్పుడు సాయంత్రం దాటేదాకా
తడిగుడ్డ తీసి చూడటం, కప్పటం.
ఆ పదకొండు మూరల సంగతి
కోటాయన చెబుతాడేమోనని
రెండు మూడు రాత్రులు టీవీ పెట్టాను.
బంగారం గురించి చెప్పాడు.
బ్యాంకు వడ్డీ పావు శాతం తగ్గిందన్నాడు.
పావు శాతమంటే ఎంతని అడిగింది కన్నియమ్మ
ఫోన్లో.
తెలీదన్నాను.
మన పెట్టెకు రెండు రూపాయల్లో
అర పైసా, అంది తనే లెక్క కట్టి,
నవ్వి,
ఇరవై రూపాయలుంటే రీచార్జికి వేయమంది.

మొన్న రేషన్ షాపుకెళ్ళాను.
ఖాళీగా ఉండి ఉండి
వేలి మీద గీతలు మళ్ళీ మొలిచాయి.
పాతవే.
కనపడేలా.
మిషన్ ఒక్క నొక్కుకే
పచ్చగా వెలిగి నన్ను గుర్తుపట్టింది.

పామాయిల్ స్టాకు లేదన్నాడు.
వచ్చే బుధవారం రమ్మన్నాడు.